స్కోరుబోర్డులో ఊరు ఉంది, వాడ లేదు

భారత సైన్యపు ట్రైనింగ్ కమాండ్ 2022 మే నెలలో గాంధీనగర్‌లోని రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయంతో ఒక ఒప్పందం చేసుకుంది. ఢిల్లీలో వార్‌గేమ్ పరిశోధన కేంద్రం పెట్టడం, కృత్రిమ మేధ సాయంతో సైనికాధికారులకు యుద్ధ క్రీడలు తయారు చేయడం దాని ఉద్దేశం. ఒక సైన్యం, ఒక విశ్వవిద్యాలయం కలిసి సిమ్యులేషన్ తయారు చేసుకుంటే సమాజశాస్త్రాలు చదివే మనకు అందులో పనేమిటని అనిపించవచ్చు.

ట్యాంకుల గురించో, క్షిపణుల గురించో అయితే నిజంగానే మనకు పెద్దగా పని లేదు. క్షిపణి ఎంత దూరం పోతుందో భౌతిక శాస్త్రం చెబుతుంది. కానీ సైన్యాలు ఇవాళ తర్ఫీదు పొందేది శత్రు సైన్యాన్ని ఓడించడానికి మాత్రమే కాదు. జనం మధ్య మకాం వేసి, గస్తీ తిరిగి, పెద్దమనుషులతో మాట్లాడి, రోడ్డు వేయించి, బడి తెరిపించి, తిరుగుబాటు మళ్లీ తలెత్తకుండా చూడటానికి కూడా తర్ఫీదు పొందుతున్నాయి. సైనిక పరిభాషలో వీటిని స్టెబిలిటీ ఆపరేషన్లు అంటారు. మన సైన్యం 2006 చివర్లో తెచ్చిన సిద్ధాంత పత్రంలో దాదాపు ఇదే పని సబ్ కన్వెన్షనల్ ఆపరేషన్లు అనే పేరుతో ఉంది. ఉక్కు పిడికిలికి మఖమల్ తొడుగు ఉండాలన్న పోలిక ఆ పత్రంలోనిదే.

ఈ పనికి సిమ్యులేషన్ తయారు చేయాలంటే భౌతిక శాస్త్రం చాలదు. ఊరంటే ఏమిటి, ఎవరి మాట ఎవరు వింటారు, జనానికి కోపం ఎందుకు వస్తుంది, ఎప్పుడు చల్లారుతుంది అన్న ప్రశ్నలకు ఎవరో ఒకరు కూర్చుని జవాబులు రాయాలి. ఆ జవాబులే ప్రోగ్రామ్‌లో నియమాలవుతాయి. ఆ నియమాల మీదే రేపటి కమాండర్లు శిక్షణ పొందుతారు. వాటిని రాసేది మన విభాగాల నుంచి వెళ్లినవాళ్లే.

నేను రాజనీతి శాస్త్రం బోధిస్తాను. వాడలో పుట్టి పెరిగాను. ఈ రెండు కారణాల వల్లా చెబుతున్న మాట ఇది: ఈ సిమ్యులేషన్ల వెనక ఉన్న సమాజ సిద్ధాంతానికీ, మన ఊళ్లలో ఆధిపత్య కులాల పెద్దమనుషులు నమ్మే సిద్ధాంతానికీ తేడా లేదు. ఎక్కడా గొడవ లేకపోతే అంతా సవ్యంగా ఉన్నట్టే అన్నది ఆ సిద్ధాంతం. ఎవరు నోరు మూసుకుంటే గొడవ లేకుండా పోయిందో అది అడగదు.

ఆట ఎలా నడుస్తుంది

2003లో ఇరాక్‌ను ఆక్రమించాక అమెరికా సైన్యానికి ఒక సంగతి అర్థమైంది. బాగ్దాద్‌ను పట్టుకోవడం వాళ్లకు వచ్చు, ఆ తర్వాత ఏం చేయాలో తెలియదు. 2005 నవంబర్‌లో ఆ దేశ రక్షణ శాఖ ఒక ఆదేశం జారీ చేసింది. స్టెబిలిటీ ఆపరేషన్లు కూడా యుద్ధంతో సమానమైన ప్రధాన బాధ్యత అని దాని సారాంశం. ఆ తర్వాత శిక్షణ సాధనాలకు గిరాకీ పెరిగింది. సైన్యం డబ్బుతో 1999లో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ ఫర్ క్రియేటివ్ టెక్నాలజీస్, అర్బన్‌సిమ్ అనే గేమ్ తయారు చేసింది.

అందులో శిక్షణార్థి ఒక బెటాలియన్ కమాండర్. ఎదురుగా ఒక కల్పిత ఇరాకీ పట్టణం. ప్రతి వంతులోనూ తన దళాలకు పనులు పంచాలి: ఇక్కడ గస్తీ, అక్కడ అరెస్టు, ఒక షేక్‌తో సమావేశం, ఒక నీటి పైపు మరమ్మతు. ఏ తెగ, ఏ వర్గం, ఏ నాయకుడు దీనికి ఎలా స్పందిస్తారో కంప్యూటర్ లెక్కగట్టి జనం మద్దతు పెరిగిందో తగ్గిందో చూపిస్తుంది. తుపాకీతో అన్నీ సాధించలేమని యువ అధికారులకు నేర్పడం దీని లక్ష్యం. ఆ లక్ష్యాన్ని నేను తప్పుపట్టను.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షకుల శిక్షణలో కరానా అనే కల్పిత ఆఫ్రికా దేశం ఉంటుంది. 2010లో ఆఫ్రికన్ యూనియన్ అమానీ ఆఫ్రికా పేరుతో జరిపిన అభ్యాసానికి కూడా అదే రంగస్థలం. బోస్నియా యుద్ధం ముగిశాక అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ డిఫెన్స్ అనాలిసిస్ రూపొందించిన సెన్స్ అనే అభ్యాసంలో అక్రోనా అనే దేశాన్ని పునర్నిర్మించాలి. కాలిఫోర్నియాలోని ఫోర్ట్ ఇర్విన్ ఎడారిలో అయితే కంప్యూటర్లతో సరిపెట్టలేదు. ఏకంగా ఇరాకీ, అఫ్గాన్ పల్లెల సెట్లు కట్టారు. ఇరాక్ నుంచి వలస వచ్చినవాళ్లను కూలికి తెచ్చి మేయర్లుగా, దుకాణదారులుగా, కొడుకును పోగొట్టుకున్న తల్లులుగా నటింపజేశారు. నటించేది వాళ్లు, స్క్రిప్టు రాసేది సైన్యం. స్క్రిప్టులో తప్పుందని చెప్పే పాత్ర మాత్రం వాళ్లకు లేదు.

గ్రేడులు వేసిన పల్లెలు

జనాన్ని లెక్కల్లో బిగించే ఈ ప్రయత్నం కొత్తది కాదు. 1964లో అమెరికా సైన్యం ప్రాజెక్ట్ కామెలాట్ మొదలుపెట్టింది. వాషింగ్టన్‌లోని అమెరికన్ యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న పరిశోధన కార్యాలయం దాన్ని నడిపింది. ఏ సమాజంలో అంతర్యుద్ధం వస్తుందో ముందే పసిగట్టే నమూనా తయారు చేయాలని, ఆ పరిస్థితిని అదుపు చేయడానికి ప్రభుత్వాలు ఏం చేయాలో చెప్పాలని దాని ఆశ. నార్వే సామాజిక శాస్త్రవేత్త యోహాన్ గాల్టుంగ్‌ను కూడా పిలిచారు. ఆయన కాదన్నారు. చిలీ విద్యావేత్తలకు దీని వెనక సైన్యం ఉందని తెలిసి గగ్గోలు పుట్టింది. 1965 జూలైలో దాన్ని రద్దు చేశారు.

రెండేళ్లు తిరగకుండానే వియత్నాంలో హామ్లెట్ ఎవాల్యుయేషన్ సిస్టమ్ వచ్చింది. 1967 నుంచి అమెరికా జిల్లా సలహాదారులు నెలనెలా వేల పల్లెలకు గ్రేడులు వేశారు. పూర్తిగా ప్రభుత్వం చేతిలో ఉంటే ఏ, కొంచెం అనుమానంగా ఉంటే బీ, అలా ఈ వరకు. వియత్‌కాంగ్ అదుపులో ఉంటే వీ. వాటిని సైగాన్‌లో కంప్యూటర్‌కు ఎక్కించి పటాలు తీసేవారు. ఆ ఏడాది చివరికి దక్షిణ వియత్నాం జనాభాలో మూడింట రెండు వంతుల మంది సురక్షిత ప్రాంతాల్లో ఉన్నారని లెక్క తేలింది. 1968 జనవరి చివర్లో టెట్ దాడి జరిగింది. ఒక్కసారిగా దేశమంతటా పట్టణాల మీద వియత్‌కాంగ్, ఉత్తర వియత్నాం దళాలు విరుచుకుపడ్డాయి.

ఇక్కడ కంప్యూటర్‌ను తిట్టి లాభం లేదు. ఎక్కించిన అంకెలనే అది కూడింది. ఆ అంకెలు ఎవరు ఇచ్చారన్నది చూడాలి. పల్లెకు బయటివాడైన ఒక అధికారి, దుబాసీ సాయంతో, పల్లెలో కనిపించిన పెద్దమనిషితో మాట్లాడి రాసిన గ్రేడు అది. తన జిల్లా బాగుపడుతోందని పైవాళ్లకు చూపించుకోవాల్సిన అవసరం కూడా ఆ అధికారికే ఉంది. నిశ్శబ్దంగా ఉన్న పల్లె అతనికి ప్రభుత్వం వైపు ఉన్న పల్లెలా కనిపించింది.

బోరు ఎక్కడ వేయాలి?

వియత్నాం పల్లె సంగతి నాకు పుస్తకాల్లోనే తెలుసు. మన ఊరి సంగతి అలా కాదు. బాబాసాహెబ్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ముసాయిదాను ప్రవేశపెడుతూ గ్రామాన్ని రాజ్యాంగానికి మూలకణంగా తీసుకోలేదని, వ్యక్తినే తీసుకున్నామని స్పష్టంగా చెప్పారు. దానికి చాలామంది పెద్దలు నొచ్చుకున్నారు. ఆయన చెప్పిన కారణం మాత్రం వాడలో పుట్టిన ప్రతివాడికీ తెలిసిందే. గ్రామం ఒక్కటి కాదు. ఊరు వేరు, వాడ వేరు. ఊరి పేరు మీద మాట్లాడేవాడు వాడ తరఫున మాట్లాడడు.

కొన్నేళ్ల క్రితం ఒక విశ్వవిద్యాలయంలో సంఘర్షణ పరిష్కారంపై జరిగిన వర్క్‌షాపులో నేను పాల్గొన్నాను. రెండో రోజు ఒక టేబుల్‌టాప్ అభ్యాసం ఆడించారు. బల్ల మీద పటం, ఆరు గ్రామాలు, ఒక్కో గ్రామానికి ఒక రంగు బిళ్ల. ఆకుపచ్చ అయితే స్థిరం, పసుపు అయితే సందేహం, ఎరుపు అయితే ప్రమాదం. ఒక బృందం సైనిక కంపెనీ. మిగతావాళ్లకు ఊరి పెద్ద, ఉపాధ్యాయుడు, పూజారి, యువజన సంఘం నాయకుడు వంటి కార్డులు ఇచ్చారు. నాకు ఊరి పెద్ద కార్డు వచ్చింది. రూల్ బుక్‌లో ఒక నియమం ఉంది: కంపెనీ కమాండర్ బోరు వేయిస్తానని మాటిచ్చి వేయిస్తే ఆ గ్రామం స్కోరు రెండు పాయింట్లు పెరుగుతుంది.

బోరు గ్రామంలో ఎక్కడ వేస్తారని అడిగాను. నిర్వాహకుడికి ప్రశ్న అర్థం కాలేదు. వివరించాను. వాడలో వేయమని ఊరి పెద్దగా నేను ఒప్పుకుంటే ఏమవుతుందని అడిగాను. ఆయన కాసేపు రూల్ బుక్ తిరగేసి, అలా చేస్తే ఊరి పెద్ద పలుకుబడి తగ్గుతుంది కాబట్టి గ్రామం స్కోరు ఒక పాయింటు పడిపోతుందని తేల్చారు. వాడవాళ్ల మద్దతు పెరగదా అంటే, వాడకు కార్డు లేదు, అంత లోతుకు పోతే ఆట సాగదు అన్నారు.

ఆ నిర్వాహకుడు చెడ్డవాడేమీ కాదు. ఓపికగా జవాబిచ్చాడు. ఆయన రూల్ బుక్ ఒక రకంగా నిజమే చెప్పింది. వాడకు నీళ్లిస్తే ఊళ్లో కలకలం రేగుతుంది. కానీ ఆ గదిలో కమాండర్ పాత్ర వేసిన కుర్రాడు ఏం నేర్చుకుని వెళ్లాడో ఆలోచించండి. దళితులకు నీళ్లివ్వడం గ్రామ స్థిరత్వానికి చేటు అని నేర్చుకున్నాడు. ఎవరూ అతనికి ఆ మాట చెప్పలేదు. స్కోరుబోర్డు చెప్పింది.

నీటి దగ్గర మొదలైన గొడవ ఎక్కడికి పోతుందో తెలుగువాళ్లకు చెప్పాల్సిన పని లేదు. కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్లను పాడు చేయొద్దన్నందుకు మొదలైన ఘర్షణ 1985 జూలై 17న ఆరుగురిని బలి తీసుకుంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. అక్కడ సంఘటనకు ముందే ఊళ్లో పోలీసులున్నారు, సాంఘిక బహిష్కరణ నడుస్తోంది. కారంచేడు బిళ్ల 1985 జూన్‌లో ఏ రంగులో ఉండేది? నా అంచనా ప్రకారం ముదురు ఆకుపచ్చలో. పంటలు బాగా పండుతున్నాయి, పెద్దమనుషులు ప్రభుత్వానికి దగ్గర, ఎక్కడా బాంబు పేలలేదు. అదే మోడల్ ప్రకారం ఆ ఊరు ఎర్రబారేది ఎప్పుడు? హత్యల తర్వాత దళితులు చీరాలలో శిబిరం పెట్టి, రాష్ట్రమంతా ఊరేగింపులు తీసినప్పుడు. న్యాయం అడిగినప్పుడే అది అస్థిరతగా లెక్కకు వస్తుంది.

లెక్కలోకి రాని ఆటగాడు

ఈ సిమ్యులేషన్లలో ఇంకో లోపం ఉంది. సైన్యం కఠినంగా ప్రవర్తిస్తే జనం మద్దతు తగ్గుతుందని యంత్రానికి తెలుసు. తప్పుడు అరెస్టుకు పాయింట్లు పోతాయి. కానీ సైన్యం అక్కడ ఉండాలా వద్దా అన్న ప్రశ్న ఆట మొదలు కాకముందే తీరిపోయి ఉంటుంది. జనానికి రెండే పనులుంటాయి. మద్దతు ఇవ్వాలి, లేదా ఉపసంహరించుకోవాలి. తిరిగి వెళ్లమని చెప్పే వీలు, కోర్టుకు వెళ్లే వీలు, షరతులు పెట్టే వీలు వాళ్లకు ఉండవు. రాజ్యం ఎప్పుడూ వైద్యుడు, సమాజం ఎప్పుడూ రోగి.

మన ఈశాన్య చరిత్ర చూడండి. 1966 మార్చిలో ఐజ్వాల్ మీద మన వైమానిక దళమే బాంబులు వేసింది. మరుసటి ఏడాది నుంచి మిజో పల్లెలను ఖాళీ చేయించి, జనాన్ని సైన్యం కాపలా ఉన్న కేంద్రాల్లోకి తరలించారు. మలయాలో బ్రిటిష్ వాళ్లు 1950 నుంచి అమలు చేసిన పద్ధతి అది. ఆ మిజోరంలోని వైరెంగ్టేలోనే సైన్యపు కౌంటర్ ఇన్సర్జెన్సీ పాఠశాల ఉంది. దానికి అధిపతిగా చేసిన బ్రిగేడియర్ పొన్వార్ ఆధ్వర్యంలో 2005లో ఛత్తీస్‌గఢ్‌లోని కాంకేర్‌లో పోలీసులకు జంగల్ వార్‌ఫేర్ కళాశాల పుట్టింది. మిజో కొండల్లో పుట్టిన అనుభవం అలా బస్తర్ అడవికి చేరింది.

అదే 2005లో సల్వాజుడుం మొదలైంది. వందల ఊళ్లు ఖాళీ అయ్యాయి. జనాన్ని రోడ్డు పక్క క్యాంపుల్లోకి చేర్చారు. వేల మంది సరిహద్దు దాటి ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చారు. మనం వాళ్లను గొత్తికోయలు అంటాం. భద్రాద్రి, ములుగు జిల్లాల్లో వాళ్లు ఇప్పటికీ ఎస్టీ ధ్రువపత్రం కోసం, భూమి కోసం తిరుగుతూనే ఉన్నారు. ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా మార్చడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కానీ సంఘటనల సంఖ్యను బట్టి రంగులు వేసే పటంలో ఖాళీ అయిన ఊరికి ఏ రంగు పడుతుంది? అక్కడ మనుషులే లేరు కాబట్టి సంఘటనలూ లేవు.

శ్రీలంకకు మనం పంపిన దళం పేరే శాంతి పరిరక్షక దళం. 1987 జూలైలో వెళ్లింది, 1990 మార్చిలో తిరిగొచ్చింది. దాదాపు 1,200 మంది మన సైనికులు అక్కడ చనిపోయారు. 1987 అక్టోబర్‌లో జాఫ్నా ఆసుపత్రిలోకి ఆ దళం చొరబడిన రోజున రోగులు, వైద్యులు, నర్సులు కూడా చనిపోయారు. కాపాడటానికి వచ్చినవాళ్లే భయానికి కారణం కావచ్చన్న చలరాశి ఏ నమూనాలో లేకపోతే, ఆ నమూనా మీద శిక్షణ పొందిన అధికారికి జాఫ్నా ఎప్పటికీ అర్థం కాదు.

మోన్‌లో జరగని సమీక్ష

సిమ్యులేషన్‌తో శిక్షణలో అసలు పాఠం ఆటలో ఉండదు, ఆట తర్వాత ఉంటుంది. దాన్ని ఆఫ్టర్ యాక్షన్ రివ్యూ అంటారు. ఏ నిర్ణయం ఎవరు తీసుకున్నారు, ఏ సమాచారం మీద తీసుకున్నారు, ఎక్కడ తప్పింది, మళ్లీ అయితే ఏం చేస్తారు అని ర్యాంకులు పక్కనపెట్టి అందరూ మాట్లాడుకోవాలి. మంచి పద్ధతి. తెరమీద కల్పిత పౌరుడు చనిపోతే కమాండర్ లేచి నిలబడి జవాబు చెప్పాలి.

నిజమైన పౌరుడు చనిపోతే? 2021 డిసెంబర్ 4న నాగాలాండ్ మోన్ జిల్లాలో బొగ్గు గని నుంచి పికప్ బండిలో ఇంటికి వెళ్తున్న కూలీల మీద పారా స్పెషల్ ఫోర్సెస్ దళం కాల్పులు జరిపింది. ఆరుగురు చనిపోయారు. ఆ రాత్రి, మరునాడు జరిగిన ఘర్షణలతో కలిపి మరణించిన పౌరులు 14 మంది. నాగాలాండ్ పోలీసులు దర్యాప్తు చేసి 30 మంది సైనికుల మీద అభియోగపత్రం వేశారు. సాయుధ బలగాల ప్రత్యేకాధికారాల చట్టంలోని ఆరో సెక్షన్ ప్రకారం విచారణకు కేంద్రం అనుమతి కావాలి. 2023లో కేంద్రం నిరాకరించింది. 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ కేసులను మూసివేసింది. అనుమతి వస్తే మళ్లీ తెరవొచ్చని చెప్పింది.

కల్పిత పౌరుడికి దక్కే సమీక్ష మోన్ కూలీకి దక్కలేదు. కోర్టు విచారణ అంటే బహిరంగంగా జరిగే ఆఫ్టర్ యాక్షన్ రివ్యూనే. చనిపోయినవారి కుటుంబం కూర్చుని వినగలిగేది అదొక్కటే. దాన్ని చట్టంతో మూసేసి, గదిలో ఎన్ని సిమ్యులేషన్లు ఆడినా అధికారి నేర్చుకునే అసలు పాఠం ఒకటే: తప్పుకు పాయింట్లు పోతాయి, అంతకుమించి ఏమీ పోదు.

మణిపూర్‌లో బాధిత కుటుంబాల సంఘం 1,528 మరణాల జాబితాతో సుప్రీంకోర్టుకు వెళ్లింది. జస్టిస్ సంతోష్ హెగ్డే కమిషన్ మచ్చుకు ఆరు కేసులు పరిశీలించి, 2013లో ఇచ్చిన నివేదికలో ఒక్కటీ నిజమైన ఎన్‌కౌంటర్ కాదని తేల్చింది. మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి నాయకత్వంలోని కమిటీ అంతకు ఎనిమిదేళ్ల ముందే, 2005లో, ఈ చట్టాన్ని రద్దు చేయమని సిఫారసు చేసింది. అమలు కాలేదు. స్థిరత్వానికి నమూనా తయారు చేసేవాళ్లు విచారణ అనుమతిని ఒక చలరాశిగా పెట్టి ఆడి చూడాలి. శిక్షపడుతుందన్న నమ్మకం జనానికి కలిగితే మద్దతు ఎంత మారుతుందో గీతలు గీసి చూపించాలి.

ప్రాణాలు దక్కుతాయి కదా అంటే

దీనికి ఎదురు వాదన ఉంది, బలమైనదే. తెర మీద తప్పు చేస్తే ఎవరూ చావరు. నిజమైన ఊళ్లో తప్పు చేసి నేర్చుకునే బదులు కల్పిత ఊళ్లో నేర్చుకోవడం మంచిది కదా అంటారు. ఒప్పుకుంటాను. చెక్‌పోస్టు దగ్గర ఆగకుండా వచ్చే బండిని చూసి భయపడకుండా ఒక్క క్షణం ఆగడం ఒక కుర్ర జవానుకు సిమ్యులేటర్ నేర్పితే అది ఒక కుటుంబాన్ని కాపాడుతుంది. పైగా సైన్యం మనకు పరాయిది కాదు. బాబాసాహెబ్ పుట్టింది మౌ కంటోన్మెంట్‌లో, సుబేదార్ రాంజీ సక్పాల్ ఇంట్లో. సైనికాధికారులకు పైస్థాయి పాఠాలు చెప్పే ఆర్మీ వార్ కాలేజీ ఇవాళ అదే మౌలో ఉంది. బస్తర్‌లో డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్ పేరుతో ముందు నడిచే పిల్లలు ఆదివాసీలు. ఆటలో బిళ్ల అయ్యేది మనవాళ్లే, తుపాకీ పట్టేది కూడా చాలాసార్లు మనవాళ్లే. అందుకే శిక్షణ మానేయమని నేను అనను.

కానీ తప్పు అంటే ఏమిటో నిర్ణయించేది ఆట తయారు చేసినవాళ్లు. ఊరి పెద్దను నొప్పించడం తప్పుగా, వాడను ఎండగట్టడం తప్పు కానిదిగా రాసి ఉంటే, ఆ ఆట వందసార్లు ఆడిన అధికారి వందసార్లు వాడను ఎండగడతాడు. ముందుకన్నా ఎక్కువ ఆత్మవిశ్వాసంతో ఎండగడతాడు.

మరి ఇంకోలా చేయడం సాధ్యమా? ఒక పాత ఉదాహరణ మన దగ్గరే ఉంది. 1940లో జోడేఘాట్‌లో నిజాం బలగాలు కుమ్రం భీమ్‌ను చంపాయి. ఆ తర్వాత గోండుల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, తిరుగుబాటు మూలాలు గోండుల స్వభావంలో వెతకలేదు. అటవీ సిబ్బంది వసూళ్లలో, భూములు ఆక్రమించినవాళ్లలో, పట్టాలివ్వని రెవెన్యూ శాఖలో వెతికారు. ప్రభుత్వ సలహాదారుగా ఆయన చేసిన సిఫారసులతో గోండులకు పట్టాలు వచ్చాయి, గోండీలో బడులు మొదలయ్యాయి. తర్వాత ఆ భూములు ఎలా చేజారాయో కూడా ఆయనే రాశారు. ఆయన్ను దేవుణ్ని చేయాల్సిన పని లేదు. నిజాం కొలువులో ఉన్న మనిషే. కానీ ఆ లెక్కలో మారాల్సిన రాశిగా ప్రభుత్వాన్ని పెట్టాడు. ఆ ఒక్క మార్పుతో వచ్చిన జవాబు గస్తీ బదులు పట్టా అయింది.

మన విభాగాలు ఏం చేయాలి

2007లో అమెరికా సైన్యం హ్యూమన్ టెర్రెయిన్ సిస్టమ్ పేరుతో మానవశాస్త్రవేత్తలను ఇరాక్, అఫ్గానిస్తాన్ దళాల్లో కలిపినప్పుడు, అమెరికన్ ఆంథ్రోపలాజికల్ అసోసియేషన్ కార్యవర్గం ఆ ఏడాది అక్టోబర్‌లోనే బహిరంగంగా ఖండించింది. మనం అధ్యయనం చేసే మనుషులకు హాని చేయకూడదన్న నియమాన్ని గుర్తు చేసింది. మన దేశంలో ఏ సామాజిక శాస్త్ర సంఘమైనా అలాంటి మాట అనాలంటే ముందు విభాగాల్లో చర్చ జరగాలి. నా వైపు నుంచి ఐదు డిమాండ్లు పెడుతున్నాను.

ఒకటి, సైనిక సంస్థలతో సిమ్యులేషన్ ఒప్పందం చేసుకునే విశ్వవిద్యాలయం అందులోని సామాజిక అంచనాలను బయటపెట్టాలి. ఆయుధాల వివరాలు రహస్యంగా ఉంచుకోండి. ఊరిని ఒక బిళ్లగా చూశారా, రెండుగా చూశారా అన్నది దేశ రహస్యం కాదు.

రెండు, కులం, తెగ, మతం గురించి పరిశోధకులు జనం నమ్మి చెప్పిన వివరాలు సేకరిస్తారు. ఆ జనం అనుమతి లేకుండా వాటిని ఏ వార్‌గేమ్‌కూ ఇవ్వకూడదు. పీహెచ్‌డీ కోసం గొత్తికోయ గూడెంలో రాసుకున్న నోట్సు రేపు ఒక డేటాబేస్‌లో వరుస అయితే, ఆ గూడెంలోకి మళ్లీ ఏ విద్యార్థీ అడుగుపెట్టలేడు.

మూడు, ఎవరి ఊరిని నమూనాగా చేస్తున్నారో వాళ్లను నటులుగా పిలిస్తే చాలదు. నియమాలు మార్చే అధికారంతో కూర్చోబెట్టాలి. మణిపూర్ బాధిత కుటుంబాల స్త్రీలు, మిజో పల్లెల నుంచి తరలింపు అనుభవించిన వృద్ధులు, వాడ నుంచి వచ్చిన సర్పంచులు ఆ బల్ల దగ్గర ఉండాలి.

నాలుగు, ప్రతి నమూనాలోనూ రాజ్యం ఒక చలరాశి కావాలి. ఎఫ్ఐఆర్ నమోదైందా, విచారణకు అనుమతి వచ్చిందా, ఎన్నేళ్లు పట్టింది అన్నవి స్కోరులో ఉండాలి. చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు తీర్పు రావడానికి 16 ఏళ్లు పట్టింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ వదిలేసింది. ఆ 23 ఏళ్లను లెక్కించని కొలత ఏదీ ఆ ఊరి స్థిరత్వం గురించి మాట్లాడే అర్హత సంపాదించలేదు.

ఐదు, గ్రామానికి ఒకే అంకె వేయొద్దు. వేయక తప్పదంటే అందరికన్నా కింద ఉన్నవాళ్ల పరిస్థితికి వేయండి. వాడలో ఆడపిల్ల రాత్రిపూట భయం లేకుండా నీళ్లు తెచ్చుకోగలిగితే అప్పుడు ఆ ఊరికి ఆకుపచ్చ బిళ్ల పెట్టండి.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. హైదరాబాద్ ఈ రంగానికి కొత్త కాదు. 1993లో ఇక్కడ మొదలైన జెన్ టెక్నాలజీస్ పోలీసులకు, సైన్యానికి శిక్షణ సిమ్యులేటర్లు తయారు చేస్తోంది. మీలో కొందరికి ఈ రంగంలో ఉద్యోగాలొస్తాయి. మొదటి తరం ఇంజనీర్లు, రిజర్వేషన్ మీద చదువుకుని వచ్చిన మన పిల్లలు ఆ కోడ్ రాస్తారు. ఉద్యోగం వద్దని చెప్పే హక్కు నాకు లేదు, ఇంటికి ఈఎంఐ కట్టాల్సింది మీరే. అయితే డిజైన్ పత్రం మీ ముందుకు వచ్చినప్పుడు జనాభా అనే గడిలో ఎవరెవరు ఉన్నారో చూడండి. వాడకు కార్డు లేకపోతే లేదని రాతపూర్వకంగా అడగండి. సామాజిక శాస్త్రాల్లో ఉన్నవాళ్లు ఈ సెమిస్టర్‌లోనే మీ విభాగం బోర్డ్ ఆఫ్ స్టడీస్ ముందు ఈ ఐదు డిమాండ్లు పెట్టండి. తిరస్కరిస్తే ఎందుకు తిరస్కరించారో మినిట్స్‌లో రాయించండి.

జై భీమ్.